కొండమీది కలల కోట

జర్మనీ దేశానికి దక్షిణపు కొసన బవేరియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ మైదానాలు ముగిసి ఆల్ప్స్ పర్వతాలు మొదలవుతాయి. ఆ పర్వతాల అంచున, ఒక నిటారైన రాతిగుట్టమీద తెల్లని కోట నిలిచి ఉంది. సన్నగా పైకి లేచిన బురుజులు, కోసుగా ఉన్న పైకప్పులు, చుట్టూ దట్టమైన అడవి, కింద అద్దంలాంటి సరస్సులు, వెనుక మంచుకొండలు. పేదరాశి పెద్దమ్మ కథల్లో రాకుమారి నిద్రపోయే కోట ఎలా ఉంటుందని పిల్లలు ఊహించుకుంటారో, ఆ కోట అచ్చం అలాగే ఉంటుంది. దాని పేరు నోయ్‌ష్వాన్‌స్టైన్. జర్మన్ భాషలో ఆ మాటకు కొత్త హంసశిల అని అర్థం.

ఈ కోటను చూడడానికి ఏటా 10 లక్షల మందికి పైగా వస్తారు. కొండకింద హోహెన్‌ష్వాంగావ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడినుంచి కొందరు అడవిదారిలో నడిచి పైకి వెళతారు. మరికొందరు గుర్రపుబండ్లు ఎక్కుతారు. కోట వెనుక ఉన్న లోయలో ఒక సెలయేరు జలపాతంగా దూకుతుంది. ఆ లోయమీద కట్టిన మేరీ వంతెనపై నిలబడితే కోట మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. చూసినవారిలో చాలామంది అది వెయ్యేళ్లనాటి వీరులు కట్టిన దుర్గమని అనుకుంటారు. నిజానికి ఆ కోటకు పునాది వేసేనాటికి బవేరియాలో రైలుబండ్లు తిరగడం మొదలై 34 సంవత్సరాలు అయింది. శత్రువులను అడ్డుకోవడానికి కాక, ఒక మనిషి తన ఏకాంతం కోసం కట్టుకున్న కోట అది. ఆ మనిషి బవేరియా రాజు రెండవ లుడ్విగ్.

లుడ్విగ్ 1845 ఆగస్టు 25న మ్యూనిక్ నగరంలోని నింఫెన్‌బుర్గ్ రాజభవనంలో జన్మించాడు. అప్పటికి జర్మనీ ఒకే దేశంగా ఏర్పడలేదు. అక్కడ చిన్నవీ పెద్దవీ ఎన్నో రాజ్యాలు ఉండేవి. వాటిలో బవేరియా ఒకటి. విట్టెల్స్‌బాక్ వంశంవారు దానిని ఏలుతుండేవారు. లుడ్విగ్ తాత మొదటి లుడ్విగ్ 1848లో సింహాసనం వదులుకోగా, తండ్రి రెండవ మాక్సిమిలియన్ రాజయ్యాడు. తల్లి మేరీ ప్రష్యా రాజవంశపు ఆడపడుచు. లుడ్విగ్ పుట్టిన మూడేళ్లకు తమ్ముడు ఒట్టో పుట్టాడు.

రాకుమారుల బాల్యం వైభవంగా సాగుతుందని అందరూ అనుకుంటారు. లుడ్విగ్ బాల్యంలో ఆనందం తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ. తెల్లవారింది మొదలు పొద్దుపోయేవరకు పాఠాలు ఉండేవి. తండ్రి రాజకార్యాలలో మునిగి ఉండేవాడు. కొడుకుతో కూర్చుని కబుర్లు చెప్పే తీరిక ఆయనకు ఉండేది కాదు. తల్లికి కొండలెక్కడం ఇష్టం, పుస్తకాలు అంతగా పట్టవు. కొడుకుకు పుస్తకాలే ప్రాణం. కన్నవారు కళ్లెదుటే ఉన్నా ఆ పిల్లవాడు ఒంటరిగానే పెరిగాడు.

అతనికి ఊరట కలిగించిన చోటు హోహెన్‌ష్వాంగావ్. అక్కడ శిథిలమై పడివున్న పాత కోటను తండ్రి 1832లో కొని బాగు చేయించాడు. రాజకుటుంబం ఏటా అక్కడ కొంతకాలం గడిపేది. ఆ కోట గోడలనిండా పాతకాలపు జర్మన్ వీరగాథలు బొమ్మలుగా చిత్రించి ఉండేవి. వాటిలో లోహెన్‌గ్రిన్ కథ లుడ్విగ్‌కు మిక్కిలి ఇష్టం. ఆపదలో ఉన్న ఒక రాకుమారిని కాపాడడానికి లోహెన్‌గ్రిన్ అనే వీరుడు హంస లాగే పడవలో వస్తాడు. తన పేరేమిటో, తానెక్కడివాడో అడగరాదని ఆమెకు షరతు పెడతాడు. ఆమె మనసు ఆపుకోలేక అడిగిననాడు ఆమెను విడిచి వెళ్లిపోతాడు. మన నలదమయంతుల కథలో హంస ఇద్దరిని కలిపితే, ఈ కథలో హంస తెచ్చిన వీరుడు విడిపోక తప్పలేదు. లుడ్విగ్ ఆ బొమ్మల నడుమ తిరుగుతూ, సరస్సులో తేలే నిజమైన హంసలను చూస్తూ పెరిగాడు. హంస అతని మనసులో గూడు కట్టుకుంది.

1861 ఫిబ్రవరి 2న, పదిహేనేళ్ల వయసులో, అతడు మ్యూనిక్ రంగశాలలో ఒక సంగీత నాటకం చూశాడు. అది రిచర్డ్ వాగ్నర్ రచించిన లోహెన్‌గ్రిన్. గోడమీది బొమ్మగా మాత్రమే తెలిసిన హంసవీరుడు దీపాల వెలుగులో, వాద్యాల హోరులో ప్రాణం పోసుకుని ఎదుట నిలిచాడు. ఆ రాత్రి లుడ్విగ్ జీవితాన్ని మలుపు తిప్పింది. అప్పటినుంచి వాగ్నర్ రాసిన ప్రతి గ్రంథాన్నీ వెదకి చదివాడు.

మూడేళ్లు గడిచాయి. 1864 మార్చి 10న తండ్రి మాక్సిమిలియన్ హఠాత్తుగా మరణించాడు. పద్దెనిమిదేళ్ల లుడ్విగ్ రాజయ్యాడు. ఆయన ఆరడుగులకు మించిన పొడగరి. చక్కని రూపం, కలలు కనే కళ్లు. తండ్రి శవయాత్రలో నడిచి వెళ్తున్న ఆ కొత్త రాజును చూసి ప్రజలు మురిసిపోయారు. అయితే రాజ్యపాలన ఎలా చేయాలో ఆయనకు నేర్పినవారు లేరు. నేర్చుకునే వ్యవధి కూడా దొరకలేదు.

రాజైన కొద్ది వారాలకే ఆయన తన మనసులోని కోరిక తీర్చుకున్నాడు. వాగ్నర్ ఎక్కడున్నా వెదకి తీసుకురమ్మని మనిషిని పంపాడు. ఆ సమయంలో వాగ్నర్ అప్పులవాళ్లకు కనిపించకుండా ఊరూరా తిరుగుతున్నాడు. 1864 మే 4న ఇద్దరూ మ్యూనిక్‌లో కలుసుకున్నారు. రాజు ఆయన అప్పులు తీర్చాడు. నివాసం ఇచ్చాడు. రచన సాగించడానికి ధనం ఇచ్చాడు. ఆ ఆదరణ ఫలితంగా 1865లో ట్రిస్టన్ అండ్ ఇసోల్డ్ అనే సంగీత నాటకం మ్యూనిక్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ప్రపంచ సంగీత చరిత్రలో అది ఒక మైలురాయి. లుడ్విగ్ అండ లేకపోతే వాగ్నర్ రచనలలో కొన్ని వెలుగు చూసేవే కావు.

కాని రాజుకు ప్రియమైనవాడు రాజధానికి ప్రియమైనవాడు కాలేదు. వాగ్నర్ విలాసంగా ఖర్చు చేసేవాడు. రాజకార్యాలలోనూ తలదూర్చేవాడు. మంత్రులు, ప్రజలు అతనిపై మండిపడ్డారు. చివరకు 1865 డిసెంబరులో, మనసు చంపుకుని, వాగ్నర్‌ను మ్యూనిక్ విడిచి వెళ్లమని లుడ్విగ్ చెప్పవలసి వచ్చింది. వారి స్నేహం ఉత్తరాల ద్వారా సాగింది. ధనసహాయమూ ఆగలేదు. అయినా తన రాజధానిలో తనకిష్టమైన మనిషిని నిలుపుకోలేకపోయానన్న బాధ రాజును వదలలేదు.

మరుసటి సంవత్సరం మరో దెబ్బ తగిలింది. 1866లో ప్రష్యాకు, ఆస్ట్రియాకు యుద్ధం జరిగింది. బవేరియా ఆస్ట్రియా పక్షాన నిలిచి ఓడిపోయింది. 3 కోట్ల గుల్డెన్ల నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది. అంతకంటె బాధాకరమైన షరతు మరొకటి ఉంది. ఇకముందు యుద్ధం వస్తే బవేరియా సేనలు ప్రష్యా రాజు ఆధిపత్యంలో పోరాడాలి. ఆ ఒప్పందంతో లుడ్విగ్‌కు తన సైన్యంపై సంపూర్ణ అధికారం పోయింది. అప్పటికి ఆయన వయసు దాదాపు 21 సంవత్సరాలు.

1867 జనవరిలో సోఫీ అనే రాకుమారితో ఆయనకు వివాహం నిశ్చయమైంది. ఆమె ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్‌కు చెల్లెలు. పెళ్లి ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. రాజు ముహూర్తాన్ని ఒకటి రెండుసార్లు వాయిదా వేసి, చివరకు అక్టోబరులో సంబంధాన్ని రద్దు చేసుకున్నాడు. ఆ తరువాత ఆయన పెళ్లి తలపెట్టలేదు.

ఆ 1867లోనే ఆయన రెండు ప్రయాణాలు చేశాడు. తమ్ముడు ఒట్టోతో కలిసి జర్మనీలోని వార్ట్‌బుర్గ్ కోటను చూశాడు. పూర్వం అక్కడ గాయకుల పోటీలు జరిగేవని గాథలు చెబుతాయి. తరువాత ఫ్రాన్సు వెళ్లి, శిథిలాలనుంచి తిరిగి లేస్తున్న పియర్‌ఫాన్ కోటను చూశాడు. పోయిన కాలాన్ని రాతితో మళ్లీ కట్టవచ్చునన్న నమ్మకం ఆ ప్రయాణాలలో ఆయనకు కలిగింది. హోహెన్‌ష్వాంగావ్‌కు ఎదురుగా ఉన్న కొండమీద రెండు చిన్న కోటల శిథిలాలు ఉండేవి. చిన్ననాట ఆయన తరచు ఎక్కి చూసిన చోటు అది. తన కోట అక్కడే లేవాలని రాజు నిర్ణయించాడు.

పని 1868లో మొదలైంది. పాత శిథిలాలను తొలగించారు. మందుగుండుతో పేల్చి కొండశిఖరాన్ని దాదాపు 8 మీటర్లు దించి చదును చేశారు. 1869 సెప్టెంబరు 5న శంకుస్థాపన జరిగింది. ఈ కోట రూపాన్ని మొదట ఊహించి గీసినవాడు భవన నిర్మాణ శిల్పి కాడు. నాటకాలకు తెరలు చిత్రించే క్రిస్టియన్ యాంక్ అనే చిత్రకారుడు. ఆ బొమ్మలను పట్టుకుని ఎడ్వర్డ్ రీడెల్ అనే వాస్తుశిల్పి కట్టడానికి తగిన పటాలు తయారుచేశాడు. కోటను చూసినవారికి అదొక నాటకరంగంలా అనిపించడానికి కారణం ఇదే. ప్రతి పటాన్నీ రాజు స్వయంగా పరిశీలించేవాడు. నచ్చకపోతే మార్చమనేవాడు. ఆయన సమ్మతి లేనిదే గోడమీద ఒక బొమ్మకు కూడా రంగు పడేది కాదు.

కొండమీదికి సామాను చేర్చడం సామాన్యమైన పని కాదు. ఆవిరియంత్రంతో నడిచే క్రేన్లు బరువులను పైకి ఎత్తేవి. గోడలు ఇటుకలతో కట్టి, పైన తెల్లని సున్నపురాయి తాపడం చేశారు. 1879, 1880 సంవత్సరాలలోనే 465 టన్నుల పాలరాయి, 1550 టన్నుల ఇసుకరాయి, 4 లక్షల ఇటుకలు వాడారు. కొన్నాళ్లపాటు రాత్రిపూట కూడా దీపాలు పెట్టుకుని పని చేశారు. ఆ ప్రాంతంలోని ఎన్నో కుటుంబాలకు ఇరవై ఏళ్లకు దగ్గరగా జీవనోపాధి దొరికింది. పనివారు 1870లో ఒక సంఘం పెట్టుకున్నారు. పనివారి చందాలకు తోడు రాజు కూడా దానికి ధనం ఇచ్చేవాడు. జబ్బుపడినవారికి, గాయపడినవారికి ఆ సంఘం కొన్ని వారాలపాటు భృతి ఇచ్చేది. ఆ కాలానికి అది కొత్త సంగతి.

కోట లేస్తుండగా బవేరియా స్వాతంత్ర్యం మరింత తరిగిపోయింది. 1870లో ప్రష్యాకు ఫ్రాన్సుతో యుద్ధం వచ్చింది. పాత ఒప్పందం ప్రకారం బవేరియా సేనలు ప్రష్యా వెంట నడిచాయి. యుద్ధంలో గెలిచిన ప్రష్యా జర్మన్ రాజ్యాలన్నిటినీ కలిపి ఒక సామ్రాజ్యంగా చేయదలచింది. ప్రష్యా రాజును చక్రవర్తిగా ఉండవలసిందని జర్మన్ రాజుల తరఫున కోరుతూ ఒక లేఖ కావలసి వచ్చింది. ఆ లేఖను ప్రష్యా మంత్రి బిస్మార్క్ తయారుచేసి పంపగా, లుడ్విగ్ తన చేతితో తిరగరాసి సంతకం చేశాడు. అందుకు ప్రతిఫలంగా ఆ తరువాతి సంవత్సరాలలో ఆయనకు రహస్యంగా ధనం అందింది. 1871 జనవరి 18న ఫ్రాన్సులోని వెర్సాయ్ భవనంలో సామ్రాజ్య ప్రకటన జరిగింది. లుడ్విగ్ ఆ సభకు వెళ్లలేదు. తమ్ముడిని, పినతండ్రిని పంపాడు. అప్పటినుంచి ఆయన పేరుకే రాజు. తాను నిజంగా రాజుగా బతకగల చోటు తాను కట్టుకునే కోట ఒక్కటే అయింది.

కోట లోపలికి అడుగుపెట్టినవారికి గోడలనిండా కథలు కనిపిస్తాయి. వాగ్నర్ నాటకాలకు మూలమైన పాత గాథలన్నీ అక్కడ చిత్రాలయ్యాయి. తలుపు పిడులలో, తెరల కుట్టుపనిలో, పింగాణీ బొమ్మలలో అన్నిచోట్లా హంసలే. రాజు పడకగదిలోని కొయ్యచెక్కడాన్ని 14 మంది పనివారు నాలుగున్నరేళ్లు చెక్కారు. పై అంతస్తులో గాయకుల మందిరం ఉంది. వార్ట్‌బుర్గ్ కోటలోని మందిరాన్ని చూసి దానిని రూపొందించారు. సింహాసన మందిరం ఒక దేవాలయంలా ఉంటుంది. దాని నేలమీద రంగురాళ్ల ముక్కలు పొదిగి జంతువులను, మొక్కలను తీర్చారు. పైనుంచి కిరీటం ఆకారంలో 96 కొవ్వొత్తుల దీపగుచ్ఛం వేలాడుతుంది.

పాతకాలపు రూపం వెనుక ఆనాటి సరికొత్త సౌకర్యాలు దాగి ఉన్నాయి. వంటింటికి దగ్గరలో వేడిచేసిన గాలి గొట్టాలలోంచి గదులకు వ్యాపించేది. కోటకంటె ఎత్తున ఉన్న ఊటనుంచి నీరు తనంతట తానే ప్రతి అంతస్తుకూ చేరేది. నౌకర్లను పిలవడానికి విద్యుత్ గంటలు ఉండేవి. రెండు అంతస్తులలో టెలిఫోను ఉండేది. వండిన వంటకాలు చిన్న లిఫ్టులో పైకి వచ్చేవి. సింహాసన మందిరాన్ని మోసేది ఉక్కుదూలాలే. లుడ్విగ్ పాతను ప్రేమించినవాడే గాని కొత్తను ద్వేషించినవాడు కాడు. మ్యూనిక్‌లోని సాంకేతిక విద్యాలయం 1868లో ఆయన పాలనలోనే వెలసింది.

రాజు ఒక్క కోటతో ఆగలేదు. లిండర్‌హోఫ్ అనే చోట చిన్న రాజభవనం కట్టించాడు. ఆయన బతికి ఉండగా పూర్తయిన భవనం అదొక్కటే. దాని తోటలో కృత్రిమమైన గుహ కట్టించి, 24 డైనమోలతో విద్యుత్తు పుట్టించి, రంగురంగుల వెలుగులు నింపాడు. బవేరియాలో మొదటి విద్యుత్ కేంద్రాలలో అదొకటి. అక్కడి భోజనపు బల్ల నేలలోంచి వంటింట్లోకి దిగి, వడ్డించిన పళ్లేలతో మళ్లీ పైకి వచ్చేది. భోజనం చేసేటప్పుడు నౌకరు కూడా ఎదుట ఉండనవసరం లేకుండా ఆ ఏర్పాటు చేసుకున్నాడు. 1878లో కీమ్ సరస్సులోని ఒక ద్వీపంమీద వెర్సాయ్‌ని పోలిన మహాభవనానికి శంకుస్థాపన చేశాడు. దానికే కోటీ 65 లక్షల మార్కులకు పైగా ఖర్చయింది.

రానురాను ఆయన మనుషులకు దూరమయ్యాడు. పగలు నిద్రపోయి రాత్రిళ్లు మేలుకుని ఉండేవాడు. చలికాలపు వెన్నెల రాత్రులలో బంగారు పూత పూసిన బండిలో మంచుమీద జారుతూ కొండదారులవెంట తిరిగేవాడు. దారిలో ఏ పేదవాని గుడిసె దగ్గరో ఆగి మాట్లాడేవాడు. వారికి కానుకలు ఇచ్చేవాడు. మంత్రులకు దొరకని రాజు కొండరైతులకు దొరికేవాడు. అందుకే రాజధానిలో గొణుగుడు పెరుగుతున్నా, కొండప్రాంతాల ప్రజలు ఆయనను గుండెల్లో పెట్టుకున్నారు. ఇంతలో 1883లో వాగ్నర్ మరణించాడు. ఎవరి పాటకోసం గాయకుల మందిరం కట్టించాడో ఆ మనిషి పూర్తయిన ఆ మందిరాన్ని చూడనే లేదు.

1884లో లుడ్విగ్ నోయ్‌ష్వాన్‌స్టైన్ ప్రధాన భవనంలోకి ప్రవేశించాడు. అప్పటికీ పని సాగుతూనే ఉంది. మొదట 32 లక్షల మార్కులు అవుతుందనుకున్న ఆ కోటకు దాదాపు 62 లక్షలు ఖర్చయింది. రాజు ఈ కట్టడాలకు ప్రజలు కట్టిన పన్నులను నేరుగా వాడలేదు. తన రాజభరణాన్ని, ప్రష్యానుంచి వచ్చిన ధనాన్ని, అప్పు తెచ్చిన సొమ్మును వెచ్చించాడు. ఆదాయం ఒక వైపు, ఆశ మరొక వైపు లాగగా, 1886 నాటికి అప్పులు కోటీ 40 లక్షల మార్కులకు చేరాయి. మంత్రులు పొదుపు చేయమన్నారు. ఆయన వినలేదు. ఫాల్కెన్‌స్టైన్ అనే మరో కొండమీద ఇంకో కోటకు పటాలు గీయించాడు. అప్పులవాళ్లు కోర్టుకెక్కుతామన్నారు. అడ్డుచెప్పే మంత్రులను తొలగించి కొత్తవారిని పెట్టుకోవాలని రాజు ఆలోచించసాగాడు.

మంత్రులు అంతకుముందే కదిలారు. రాజు ఏడాదికి మించి పాలించలేని స్థితిలో ఉంటే ఆయన స్థానంలో రాజప్రతినిధిని నియమించవచ్చునని బవేరియా రాజ్యాంగం చెబుతుంది. తమ్ముడు ఒట్టో అప్పటికే మానసిక వ్యాధితో వైద్యుల కాపలాలో ఉన్నాడు. అన్నకూ అదే వ్యాధి అని నిరూపించాలని మంత్రులు తలచారు. బెర్నార్డ్ ఫాన్ గుడెన్ అనే మానసిక వైద్య నిపుణుడు, మరి ముగ్గురు వైద్యులు కలిసి 1886 జూన్ 8న నివేదికపై సంతకాలు చేశారు. రాజు మతిస్థిమితం లేనివాడని, ఇక బాగుపడడని అందులో తేల్చారు. ఆ నివేదికకోసం వారిలో ఒక్కరైనా రాజును పరీక్షించలేదు. ఆయనను ఒక్క ప్రశ్న అడగలేదు. నౌకర్లు, కొలువులోనివారు చెప్పిన మాటలను ఆధారం చేసుకున్నారు. జూన్ 10న పినతండ్రి లూయిట్‌పోల్డ్ రాజప్రతినిధి అయినట్లు ప్రకటన వెలువడింది.

రాజును అదుపులోకి తీసుకోవడానికి అధికారుల బృందం జూన్ 10 తెల్లవారుజామున కోటకు వచ్చింది. వార్త తెలిసి చుట్టుపక్కల పల్లెలవారు రాజుకు అండగా కొండెక్కారు. రాజు ఆజ్ఞపై ఆ బృందాన్ని కోట ముఖద్వారంలోనే నిర్బంధించి, కొన్ని గంటల తరువాత వదిలేశారు. ఆ సమయంలో మ్యూనిక్ వెళ్లి ప్రజల ఎదుట నిలబడమని కొందరు ఆయనకు సలహా ఇచ్చారు. దేశం దాటి పొమ్మని మరికొందరు చెప్పారు. ఆయన రెండూ చేయలేదు. తన కోటలోనే ఉండిపోయాడు. రెండు రోజులకు వేరొక బృందం వచ్చింది. జూన్ 12 తెల్లవారుజామున, వాన కురుస్తుండగా, ఆయనను గుర్రపుబండిలో ఎక్కించి కొండ దింపారు. ఆ కోటలో ఆయన గడిపింది అన్నీ కలిపి 172 రోజులు మాత్రమే.

ఆయనను స్టార్న్‌బెర్గ్ సరస్సు ఒడ్డున ఉన్న బెర్గ్ భవనానికి చేర్చారు. మరునాడు, జూన్ 13 ఆదివారం సాయంత్రం, లుడ్విగ్, డాక్టర్ గుడెన్ సరస్సు ఒడ్డున షికారుకు బయలుదేరారు. కాపలావారెవరూ వెంట వెళ్లలేదు. చీకటి పడినా ఇద్దరూ తిరిగి రాలేదు. లాంతర్లు పట్టుకుని వెదకగా, ఆ రాత్రి ఒడ్డుకు దగ్గరలో లోతులేని నీటిలో ఇద్దరి శవాలూ దొరికాయి. రాజు నీట మునిగి ప్రాణం తీసుకున్నాడని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాట చాలామంది నమ్మలేదు. పారిపోబోయాడని కొందరు, చంపేశారని కొందరు వాదించారు. ఆ సాయంత్రం ఏం జరిగిందో చూసిన ఇద్దరూ బతికి లేరు. నిజం ఆ సరస్సులోనే ఉండిపోయింది. అప్పటికి లుడ్విగ్‌కు నలభై ఒకటవ ఏడు నిండలేదు. ఆయన భౌతికకాయాన్ని మ్యూనిక్‌లోని సెయింట్ మైకేల్ చర్చిలో ఉంచారు. శవం దొరికిన చోట సరస్సు నీటిలో నేటికీ ఒక శిలువ నిలిచి ఉంది.

రాజు మరణించిన ఏడు వారాలకే, 1886 ఆగస్టు 1న, నోయ్‌ష్వాన్‌స్టైన్ తలుపులు ప్రజలకు తెరిచారు. పరాయి కళ్లు పడకూడదని ఆయన కట్టుకున్న కోటలోకి డబ్బిచ్చిన ప్రతివారూ ప్రవేశించసాగారు. ఆ కోటకు నోయ్‌ష్వాన్‌స్టైన్ అన్న పేరు వచ్చింది కూడా ఆయన పోయిన తరువాతనే. 200కు పైగా గదులు ఉండవలసిన ఆ కోటలో పదిహేను గదులు, మందిరాలు మాత్రమే పూర్తయ్యాయి. మిగిలిన పనిని కుదించి ముగించారు. మధ్యలో లేవవలసిన 90 మీటర్ల మహాబురుజు లేవనే లేదు. ప్రవేశ రుసుముల ఆదాయం ఏటేటా పెరిగింది. రాజు వదిలి వెళ్లిన అప్పులు 1899 నాటికి తీరిపోయాయి. ఏ కట్టడాలవల్ల ఆయన సింహాసనం పోయిందో, ఆ కట్టడాలు ఆయన అప్పులు తీర్చడానికి ఆసరా అయ్యాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ కోట మరెన్నో మార్పులు చూసింది. 1923లో అది బవేరియా రాష్ట్రం చేతికి వచ్చింది. 1933లో, వాగ్నర్ మరణించి 50 సంవత్సరాలు నిండిన సందర్భంలో, గాయకుల మందిరంలో మొదటి కచేరీ జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు ఫ్రాన్సునుంచి కొల్లగొట్టిన కళాఖండాలను ఇక్కడ దాచారు. 1945లో అమెరికా సైనికులు వచ్చాక అవి బయటపడ్డాయి. 1955లో అమెరికాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు అందులోని నిద్రపోయే సుందరి కోటకు ఈ కోటే స్ఫూర్తి అయింది. 2025లో లుడ్విగ్ కట్టించిన రాజభవనాలను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది.

లుడ్విగ్ గొప్ప పాలకుడని చెప్పడం కష్టం. రాజ్యం కష్టకాలంలో ఉన్నప్పుడు ఆయన కలలలో తలదాచుకున్నాడు. సంపాదనకు మించి ఖర్చు చేసి, చెప్పినవారి మాట పెడచెవిని పెట్టాడు. ఆ తప్పులకు ఆయన జవాబు చెప్పవలసినవాడే. కాని జవాబు చెప్పే అవకాశం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. చూడకుండా, వినకుండా తీర్పు చెప్పారు. ఆయనకు నిజంగా వ్యాధి ఉన్నదా లేదా అని వైద్యులు, చరిత్రకారులు ఆ తరువాత కూడా వాదిస్తూనే వచ్చారు. అపరాధి మాట వినకుండా వేసిన శిక్ష ఎంత పెద్దవారు వేసినా న్యాయమనిపించుకోదని ఆయన కథ తెలుపుతుంది.

కోట చూడడానికి వచ్చినవారిని మార్గదర్శకులు గది తరువాత గదికి తీసుకువెళతారు. సింహాసన మందిరంలోకి రాగానే అందరూ తలలెత్తి చూస్తారు. బంగారు రంగు గోడలు, నీలిరంగు స్తంభాలు, కిరీటంలాంటి దీపగుచ్ఛం చూసి అబ్బురపడతారు. మందిరం చివర తెల్లని పాలరాతి మెట్లు పైకి వెళ్తాయి. వాటిమీద ఏముందా అని చూస్తే అక్కడ ఏమీ ఉండదు. సింహాసనం చేయించకముందే రాజు మరణించాడు. ఆ తరువాత దానిని చేయించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ప్రపంచం నలుమూలలనుంచి వచ్చినవారు ఆ ఖాళీ చోటు ముందు ఒక్క నిమిషం మౌనంగా నిలబడి, ముందుకు సాగిపోతారు.